వదిన వరస

తలుపు పూర్తిగా మూయలేదు, దగ్గరికి వేశారంతే. ఆ సందులోంచి వసుమతికి కుప్పమ్మ మోచెయ్యి ఒక్కటే కనబడుతోంది. కుర్చీ చేతి మీద ఆనించకుండా, ఒంటికి దగ్గరగా ముడుచుకున్న మోచెయ్యి. ఆనించుకో కుప్పమ్మా, హాయిగా ఆనించుకుని కూర్చో, అలా బిగదీసుకుంటే అబద్ధం చెప్పడానికి వచ్చినదానిలా ఉండదూ, అని లోలోపల అంటూ ఉండగానే, తాను కూడా ఈ బెంచీ మీద సరిగ్గా అలాగే ముడుచుకుని ఉన్నానని వసుమతికి తెలిసింది. చేతులు విప్పి ఒళ్ళో పెట్టుకుంది. రెండు నిమిషాలకు అవి మళ్ళీ వాటంతట అవే ముడుచుకున్నాయి. గోడ గడియారంలో పదకొండూ పది. లోపలికి పిలిచి పావుగంట కావస్తోంది. బంట్రోతు గుమ్మంలో నిలబడి "కుప్పమ్మాళ్!" అని అరవయాసలో కేకేసినప్పుడు, కుప్పమ్మ లేచి, ఎవరూ చెప్పకపోయినా చెప్పులు గుమ్మం పక్కన విడిచి, లోపలికి పోతూ ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది. వసుమతి నవ్వింది. ధైర్యంగా ఉండు అని చెప్పే నవ్వే అది, అనుకుంది. చెప్పిన మాటలన్నీ జ్ఞాపకం ఉన్నాయి కదా అని అడిగే నవ్వులా కుప్పమ్మకు కనిపించలేదు కదా?

తిరుత్తణి తాలూకా ఆఫీసు వరండాలో ఇవాళ జనం పల్చగానే ఉన్నారు. పట్టా మార్పు కోసం వచ్చిన ఒక ముసలాయన కాయితాల సంచీని పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని కునుకుతున్నాడు. కొండ మీద మొక్కు తీర్చుకుని దిగివచ్చిన కుటుంబమొకటి, అందరివీ గుండ్లే, గంధం ఇంకా ఆరలేదు, జెరాక్స్ కొట్టు నీడలో ఇడ్లీలు తింటోంది. వాళ్ళకేం, జుట్టు ఇచ్చి వచ్చారు, నెలలో మళ్ళీ మొలుస్తుంది. కుప్పమ్మ ఇచ్చేది మొలిచేది కాదు. లోపల కుప్పమ్మ ఇప్పుడు చెప్పవలసింది ఒక్కటే: వసుమతి కూతురు శ్రీవాసవికి తన రెండు కిడ్నీల్లో ఒకటి ఇష్టపడి ఇస్తున్నాననీ, అందుకు పైసా తీసుకోవడం లేదనీ, ప్రేమ తప్ప వేరే కారణం లేదనీ. తహసీల్దారమ్మ నమ్మితే కాయితం చెన్నైలో కమిటీకి పోతుంది. నమ్మకపోతే ఇక్కడే ఆగిపోతుంది, ఈ తలుపు వెనకే. ఆగిపోతే శ్రీవాసవికి వారానికి మూడు రోజులు, రోజుకు నాలుగేసి గంటలు, ఆ యంత్రమే గతి. అది కూడా ఎన్నాళ్ళో డాక్టరు చెప్పడు. అడిగితే ఫైలు వైపు చూస్తాడు.

ఆప్యాయత, అనుబంధం. వకీలు కోదండరామ ఆ రెండు మాటలనూ పెన్సిలుతో గీత గీసి చూపించాడు. రక్తసంబంధం లేనివాళ్ళు ఇవ్వాలంటే చట్టం అడిగేది ఇదేనమ్మా, మీకూ ఆమెకూ మధ్య అది ఉందని కనపడాలి, ఊరికే ఉంటే చాలదు, కనపడాలి. ఫొటోలు కావాలి, రాకపోకలు కావాలి, పిలుపులు కావాలి. పదకొండేళ్ళుగా కుప్పమ్మ వసుమతిని అమ్మా అనే పిలిచింది. తెల్లవారి లోకల్ బండిలో మల్లెపూల గంప పెట్టుకుని తిరుత్తణి నుంచి తిరువళ్ళూరు వచ్చి, మణవాళనగర్ వీధుల్లో అమ్ముకుంటూ వాళ్ళ గేటు దగ్గర ఆగి, అమ్మా పూలు, అనేది. ఆ అమ్మను వదిన చెయ్యడానికి నెల పట్టింది. మొదట్లో వదినా అనబోయి నవ్వేది, కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. "నాకు నోరు తిరగడం ల్యా అమ్మా... అయ్యో, వదినా!" అని తల కొట్టుకునేది. వసుమతికి కూడా నవ్వొచ్చేది. ఇద్దరూ వంటింట్లో కూర్చుని నవ్వుకునేవాళ్ళు. అది నాటకానికి సాధకమే కదా, మరి ఆ నవ్వు? దాన్ని ఎవరూ నేర్పలేదు. కాఫీ గ్లాసు సంగతి కూడా అంతే. ఇన్నేళ్ళూ కుప్పమ్మకు గేటు దగ్గర ఇచ్చే స్టీలు గ్లాసు వేరుగా కిటికీలో బోర్లించి ఉండేది. వంటింట్లోకి వచ్చాక అది మిగతా గ్లాసుల్లో కలిసిపోయింది. ఇప్పుడు వెతికినా అది ఏదో వసుమతికి తెలియదు. కలపాలని ఆమె అనుకోలేదు. ఫొటో కోసం బల్ల మీద నాలుగు గ్లాసులు ఒక్కలాగే ఉండాలన్నాడు వకీలు, అంతే.

డబ్బు మాట మొదట ఎవరు ఎత్తారు? ఈ ప్రశ్న ఈమధ్య వసుమతిని పళ్ళలో ఇరుక్కున్న పీచులా సతాయిస్తోంది. కుప్పమ్మే ఎత్తింది. అవును, గేటు దగ్గర, పూలు మూర వేస్తూ. "అట్లాంటి వాటికి ఎంత ఇస్తారంట అమ్మా?" అంది. లేదు, ఆ మాట అన్నది తర్వాత, చాలా తర్వాత. ఆయన ఎత్తి ఉంటారు, తన భర్త జయకుమార్, ఏ వస్తువైనా ధర అడగకుండా చేత్తో పట్టుకోడు ఆయన. ఎవరైతేనేం, కుప్పమ్మకు డబ్బు అవసరమే కదా. కే.జీ.కండిగైలో కుప్పమ్మా, ఆమె మొగుడు సుదర్శనమూ పదేళ్ళుగా గుత్తకు చేసుకుంటున్న ముప్పావు ఎకరం మల్లెతోటను ఆసామి అమ్మేస్తానంటున్నాడు. రోడ్డు పక్కన రంగు రాళ్ళు పాతి ప్లాట్లు వేసేవాళ్ళు అప్పటికే వచ్చి కొలుచుకుని పోయారు. ఆరు లక్షలు చేతిలో ఉంటే తోట కుప్పమ్మ పేరనే రాయిస్తానని ఆసామి అన్నాడట. "నేను నాటిన చెట్టు వదినా, ఒక్కొక్కదానికి నీళ్ళు మోసి పెంచినా, దాని మీద రాయి పాతుతారంట" అని తర్వాత ఒకరోజు వంటింట్లో చెప్పింది కుప్పమ్మ. సొంత చెట్టు కింద నిలబడడానికి సొంత ఒంట్లోది ఒకటి తీసి ఇస్తోంది. ఇందులో తప్పు ఎక్కడుంది? ఎవరిది?

ఆ తప్పు ఎక్కడుందో తేల్చడానికి తిరువళ్ళూరు డయాలిసిస్ గదిలో దాదాపు ప్రతి వారమూ పట్టిమండ్రం జరిగేది. గుడి ఉత్సవాల్లో వేదికెక్కి రెండు పక్షాలుగా వాదించుకున్నట్టే, ఇక్కడ మంచాల మీద పడుకుని, గొట్టాల్లో తమ నెత్తురు తిరుగుతుండగా వాదించుకునేవాళ్ళు. కిడ్నీ అమ్ముకోవడానికి చట్టం ఒప్పుకోవాలా వద్దా? మూడో మంచం నటరాజ్ సారు, హైస్కూల్లో రిటైరైన హెడ్మాస్టరు, వద్దనే పక్షం. ఐదో మంచం పార్థిబన్, లోడు ఆటో నడిపేవాడు, కావాలనే పక్షం. "డాక్టరుకు దుడ్డు, ఆస్పత్రికి దుడ్డు, కాయితం రాసిన వకీలుకు దుడ్డు, లిఫ్ట్ నొక్కేవాడికి కూడా దుడ్డు. కోసి ఇచ్చినోడికి మాత్రం పుణ్యమా? బలే మంచి న్యాయం సార్ మీది!" అనేవాడు పార్థిబన్. సారు మెల్లగా, ప్రతి మాటకూ ఊపిరి తీసుకుంటూ, "ధర కట్టిన నాడు ఏమవుతుందో తెలుసునా నీకు? అప్పు ఇచ్చేవాడు నగలు అయిపోయినాక, పొలం అయిపోయినాక, ఇంకొకటి ఉండాది కదరా నీ కాడ అంటాడు. ఇప్పుడైతే కుదరదు అని చెప్పేదానికి పేదవాడికి ఒక సాకు ఉండాది. చట్టం ఒప్పుకోదయ్యా అనే సాకు. దాన్ని కూడా పెరుక్కుంటావా?" అనేవాడు. "దొంగతనంగా అమ్ముకుంటానే ఉండారు కదా సార్. సగం దుడ్డు బ్రోకరు మింగుతాడు, కుట్లు చీము పడితే అడిగే దిక్కు లేదు. చట్టం ఒప్పుకుంటే ఆ సగం మిగులు, ఆ దిక్కు మిగులు." నర్సు వచ్చి బీపీ పెరుగుతుంది ఊరుకోండి అని ఇద్దరినీ కసిరేది. ఒకరోజు శ్రీవాసవి, అప్పటిదాకా కళ్ళు మూసుకుని వింటున్నది, "సార్, ఇప్పుడే ఎవరైనా ఒకరు వచ్చి, దుడ్డు ఇస్తే మీకు ఇస్తానంటే వద్దంటారా?" అని అడిగింది. సారు పైకప్పు వైపు చూస్తూ, "తీసుకుంటాను పాపా" అన్నాడు. "తీసుకుని, తప్పు అని కూడా అంటాను." పార్థిబన్ నవ్వలేదు. అరవవాళ్ళ ఆడి నెల దాటాక, సారు ఖాళీ చేసిన మూడో మంచం మీదికి పెరంబాకం నుంచి ఎవరో కొత్తావిడ వచ్చింది. ఆమెకు వాదనలు ఇష్టం లేదు, ఫోన్లో సీరియల్ చూసుకుంటుంది.

పదకొండూ ఇరవై ఐదు. మోచెయ్యి కదిలింది. ఏదో సంతకం పెడుతోందా? లేదు, ఆల్బం తిప్పుతున్నారు, ప్లాస్టిక్ పేజీల చప్పుడు వినబడుతోంది. ఏ పేజీ దగ్గర ఆగారో. కొట్టు ఫొటో అయి ఉంటుంది. తిరువళ్ళూరులో వీరరాఘవస్వామి గుడి దగ్గర జయకుమార్ పూజాసామాను కొట్టు ముందు, కుప్పమ్మ గంపతో, పక్కన ఆయన, పైన వేలాడే వెండి రేకులు. కన్ను రేకు, చెయ్యి రేకు, కాలు రేకు, కడుపు రేకు. ఎక్కడ జబ్బు నయమైతే ఆ భాగం రేకు కొని స్వామి హుండీలో వేస్తారు. మూడు తరాలుగా ఆ ఇంటి అన్నం ఆ రేకుల మీదే. ఎవరైనా కిడ్నీ రేకు అడిగితే జయకుమార్ కడుపు రేకు ఇచ్చి, ఇందులోనే ఉంటుందమ్మా అనేవాడు. శ్రీవాసవికి జబ్బని తెలిశాక మాత్రం అచ్చు పోసేవాడితో కొత్తగా చేయించాడు. వాడు దాన్ని మామిడికాయలా చేసుకొచ్చాడు. ఆయన కోప్పడి, మళ్ళీ చేయించి, మొదటి రేకు తానే వేసి వచ్చాడు. దేవుడికి ధర కట్టి ఇవ్వవచ్చు, మనిషికి కట్టి ఇవ్వకూడదా అని రాత్రి భోజనాల దగ్గర ఆయన వాదన. ఆ వాదన చెప్పేటప్పుడు ఆయన వసుమతి కళ్ళలోకి చూడడు. ఆయనకు రక్తపోటు, ఆయనది పనికిరాదు. వసుమతికి చక్కెర, ఆమెదీ పనికిరాదు.

ఇందులో కొట్టు ఫొటో కాదు ముఖ్యం, ఫంక్షన్ ఫొటోలు ముఖ్యం అన్నాడు వకీలు. కుప్పమ్మ కూతురు తనుశ్రీ పెద్దమనిషైంది. ఈ వైపు ఆ వేడుకకు మేనమామ లేకుండా ఏదీ కదలదు. పచ్చి కొబ్బరాకులతో గుడిసె అతనే కట్టాలి, పట్టుచీరతో సీరు తట్టలు, అంటే పుట్టింటి సారె, అతనే తేవాలి, దండ అతనే వెయ్యాలి. కుప్పమ్మకు అన్నదమ్ములు లేరు. వకీలు ఆ మాట వినగానే నిటారుగా కూర్చున్నాడు. ఇంతకంటే గట్టి రుజువు దొరకదు సార్, మీరు అన్న వరసలో కూర్చోండి, అన్నాడు. అలా తిరువళ్ళూరు శెట్టిగారు కే.జీ.కండిగైలో కాపుల ఆడపిల్లకు మేనమామ అయ్యాడు. ఇరవై ఒక్క తట్టలు, పళ్ళు, పసుపు, గాజులు, చీర. ఊరి ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. "ఏందే కుప్పమ్మా, ఇన్నేండ్లకు నీకు అన్న యాడ నుంచి మొలిచినాడు?" అని ఒక ముసలమ్మ అడిగితే, "లోకల్ బండిలో వచ్చినాడు అత్తా, లేటుగా వచ్చినాడు, బండి ఎప్పుడూ లేటే కదా!" అని కుప్పమ్మ గలగలా నవ్వింది. జీవితంలో ఆకు తుంచి ఎరుగని జయకుమార్ కొబ్బరాకు అల్లబోయి వేలు కోసుకున్నాడు. సుదర్శనం పక్కన చేరి కత్తి అందుకుని, "వెండి కాదు బావా ఇది, కొబ్బరాకు. మెల్లగా!" అని ఆటపట్టించాడు. ఫొటో సరిగా రాలేదని దండ మూడుసార్లు వేయించారు. మూడోసారి ఆ పిల్ల తల వంచి, "ఇంకా ఎన్నిసార్లు వేస్తావు మామా, మెడ నొస్తా ఉంది" అంది. అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే సుదర్శనం జయకుమార్ భుజం మీద చెయ్యి వేసి, నవ్వకుండా, "బావా, వేసినావు. రేపు పెండ్లికి కూడా ముందు నిలబడాల్సింది నువ్వే. మాకు ఇంక వేరే ఎవురూ లేరు" అన్నాడు.

అక్కడే పొరపాటు జరిగింది. వకీలుకు అది ఫొటో, వాళ్ళకు అది వరస. దండ వేశాక దాన్ని తీసెయ్యడానికి లేదు. ఆ పిల్ల పెళ్ళికి తాళిబొట్టు దగ్గర మేనమామ ఉండాలి, కుప్పమ్మ కన్ను మూస్తే పుట్టింటి చీర ఈ ఇంటి నుంచే పోవాలి. వసుమతి ఇవన్నీ ఎరగనిదా? ఎరుగును. పుట్టి పెరిగింది ఈ సీమలోనే. ఎరిగి కూడా తట్టలు సర్దుతూ ఇవి ఆపరేషన్ దాకానే అనుకుంది. ఇప్పుడు తనుశ్రీ సాయంత్రాలు ఫోను చేస్తుంది. మామా, నాకు మ్యాథ్స్‌లో తొంభై రెండు. మామా, స్కూలు టూరుకు పంపమని నాయనకు చెప్పు. జయకుమార్ బేరం ఆపి మరీ ఆ పిల్లతో మాట్లాడతాడు, మా మేనకోడలు అని కొట్టుకొచ్చినవాళ్ళకు చెబుతాడు. ఆయనకు ఎక్కడా గీత కనబడదు. వసుమతికి కనబడుతుంది. శ్రీవాసవికి ఇంకా బాగా కనబడుతుంది. పూలు పెట్టుకోవడం మానేసింది శ్రీవాసవి. ఎందుకే అంటే మొదట చెప్పలేదు. తర్వాత ఒకరోజు, తల దువ్వుతుంటే, అద్దంలోకి చూస్తూ చెప్పింది. "కుప్పమ్మత్త వస్తే అందరూ ఆమె మొకం చూస్తారమ్మా. నేను నడుము వైపు చూస్తా ఉండాను. చూడకూడదు అనుకుంటానే చూస్తా ఉండాను." దువ్వెన ఆగలేదు. వసుమతి ఆపలేదు. ఆపితే ఏదో ఒకటి అనాల్సి వచ్చేది.

బంట్రోతు టీ గ్లాసులతో లోపలికి పోయాడు. రెండు గ్లాసులు. కుప్పమ్మకు కూడా టీ ఇస్తున్నారా? టీ ఇస్తే మంచిదా చెడ్డదా? మనసు మెత్తపరిచి నిజం లాగడానికి ఇస్తారేమో. నిజం చెప్పేస్తే? చెప్పెయ్యనీ, అని ఎక్కడో లోపల ఒక పల్చటి గొంతు అంది, వెంటనే వసుమతి ఆ గొంతు పీక నొక్కేసింది. ఇలాంటి గొంతు ఒకసారి ముందు కూడా వచ్చింది. డాక్టరు తన రిపోర్టు చూసి, మీకు చక్కెర ఉంది, మీది తీసుకోవడం కుదరదమ్మా అన్న రోజు. వసుమతి ఏడ్చింది, నిజంగానే ఏడ్చింది, ఆయన భుజం పట్టుకున్నారు, కన్నతల్లిది కూడా పనికి రాకపోయెనే అని అందరూ అన్నారు. కానీ ఏడుపుకు ముందు, ఒక్క క్షణం, రెప్ప వేసేంతసేపు, ఒంట్లో ఏదో ముడి విడిపోయింది. అమ్మయ్య అంది ఒళ్ళు. నోరు కాదు, మనసు కూడా కాదు, ఒళ్ళు అంది. కత్తి తప్పిన మేకకు కూడా అలాగే ఉంటుందేమో. ఆ క్షణాన్ని ఆమె ఎవరికీ చెప్పలేదు, తనకు కూడా సరిగా చెప్పుకోలేదు. బిడ్డ కోసం ప్రాణమిస్తానని రోజూ దేవుడికి చెప్పే తల్లి ఒంటికి అంత భయమా? మరి ఏమీ కాని మనిషి ఒంటికి ఎంత ఉండాలి?

గేటు. ఇప్పుడు గేటు స్పష్టంగా కనిపిస్తోంది, ఎండ ఎటు పడుతోందో కూడా. కుప్పమ్మ మోచేతి నుంచి వేలి కొస దాకా మాలను సాగదీసి మూర కొలుస్తోంది. అప్పుడే శ్రీవాసవి సంగతి విన్నది. మూర మధ్యలో ఆగిపోయింది. "పాపకా? మన వాసవి పాపకా?" అంది. పూలు చూస్తూ, "నాకు రెండు ఉంటాయి కదమ్మా, ఒకటి చాలంట కదా మనిషికి. మా ఊర్లో ఒగామె తమ్ముడికి ఇచ్చింది, తిరగతానే ఉండాది. నాది సరిపోతుందేమో చూపించరాదా?" అంది. అంతే. ధర లేదు అందులో. తోట మాట లేదు. ఆ మాట విని వసుమతికి ఏమైంది? సంతోషం రావాలి కదా. భయం వేసింది. ఊరికే ఇస్తే ఎలా తీర్చుకునేది? ఈ గేటు దగ్గరికి రోజూ వస్తుంది, రోజూ చూడాలి, రోజూ తలొంచాలి, చచ్చేదాకా. పచారీ కొట్టు ఇంట్లో పుట్టి పూజాసామాను కొట్టు ఇంట్లో మెట్టిన మనిషి ఆమె. ఊరికే వచ్చినది ఇంట్లో నిలవదని పాలతో పాటు తాగింది. కుప్పమ్మ మాట పూర్తికాకుండానే, "ఊరికే వద్దు కుప్పమ్మా, ఐదో ఆరో లక్షలు ఇస్తాం" అంది. తనే. ఆయన కాదు, కుప్పమ్మ కాదు. కుప్పమ్మ తల ఎత్తి చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఎవరో పిలిచారనుకుని వచ్చి, పిలిచింది తనను కాదని తెలుసుకున్న మనిషి చూపు. తర్వాత మూర పూర్తి చేసి, "సరేమ్మా" అంది. తోట సంగతి మర్నాడు చెప్పింది. ఎంత ఇస్తారంట అని అడగడం ఆ తర్వాతే. డబ్బు ఇస్తే తెగిపోతుంది, అదే కదా డబ్బులోని సుఖం. కట్టేసి, దండం పెట్టి, మరిచిపోవచ్చు. ఆ సుఖం కోసం ధర చెప్పింది తాను. ఆ ధర మీద ఇప్పుడు ప్రేమ అని రాసి సంతకం అడుగుతున్నారు. మరి ప్రేమ లేదా? ఉంది. నాలుగు రోజులు కుప్పమ్మ రాకపోతే వంటింట్లో పొద్దు పోదు. డబ్బూ ఉంది, ప్రేమా ఉంది. రెండూ ఉంటే ఏమని రాయాలో చట్టంలో ఉందా?

"అమ్మా, ఉళ్ళ వాంగ" అని బంట్రోతు పిలిచాడు. లోపలికి రమ్మని.

తహసీల్దారమ్మ వసుమతి అనుకున్నంత పెద్దది కాదు, నలభై ఉంటాయేమో. టేబుల్ మీద ఆల్బం తెరిచి ఉంది. దండ వేసే ఫొటో. కుప్పమ్మ తల వంచుకుని ఉంది, టీ గ్లాసు అలాగే ఉంది, మీగడ కట్టింది.

"ఈమె మీకు ఏమవుతుంది?" తహసీల్దారమ్మ అరవంలోనే అడిగింది.

"మా ఆడబిడ్డ అవుతుంది మేడం. వరసకు."

"వరస ఎప్పటి నుంచి?"

ఈ ప్రశ్న వకీలు చెప్పిన వాటిలో లేదు. "పూలు తెస్తుంది మా ఇంటికి, పదకొండేళ్ళ నుంచి. వరస... ఈమధ్యే కలిసింది" అంది వసుమతి. నిజం నోట్లోంచి అలా జారిపోయింది. తహసీల్దారమ్మ ఆమెను చూసి, ఆల్బం చూసి, మళ్ళీ ఆమెను చూసింది.

"ఈమెకు మీరు ఏమైనా ఇస్తున్నారా?"

"పుట్టింటివాళ్ళు ఆడపిల్లకు ఇవ్వకుండా ఉంటారా మేడం" అంది వసుమతి. అన్నాక ఆ మాట తనదే అని నమ్మలేకపోయింది.

"ఆ ఇవ్వడం నేను అడగలేదమ్మా. ఈ కాయితంలో రెండే గళ్ళు. అవును, లేదు. ఏది రాయను?"

ఫ్యాను తిరుగుతోంది. శ్రీవాసవి ఇప్పుడు మంచం మీద ఉంటుంది, ఆఖరి గంట, కాళ్ళు పీకడం ఎక్కువయ్యే గంట. పక్కన ఆయన కూర్చుని కాళ్ళు నొక్కుతుంటారు.

"లేదు మేడం."

తహసీల్దారమ్మ వెంటనే రాయలేదు. పెన్ను మూత తీసి, పెట్టి, మళ్ళీ తీసింది. ఆమెకు తెలుసు. తెలుసునని వసుమతికి తెలిసింది. తర్వాత ఆమె రాసి, సీలు వేసి, కాయితం ముందుకు తోసింది. "కమిటీలో ఇంకా అడుగుతారు" అంది, ఎవరికి చెబుతున్నదీ తెలియకుండా.

బయట ఎండ కళ్ళలో గుచ్చింది. కుప్పమ్మ చెప్పులు వేసుకుని, ఒక చెప్పు వారు సరిగా ఎక్కక, వంగి సర్దుకుంటూ, "ఆయమ్మ నన్ను ఏమేమి అడిగిందో తెల్సా వదినా?" అంది. వసుమతి కాయితం ఉన్న సంచీని దగ్గరికి లాక్కుంది. "దుడ్డు సంగతి అడిగింది, అన్న సంగతి అడిగింది, పాప పేరు, పుట్టిన రోజు, అంతా అడిగింది. వకీలు నేర్పినట్టే అంతా చెప్పినా. ఆఖర్న పెన్ను కింద పెట్టేసి, నీకు భయంగా ఉండాదా అనింది."

"నువ్వేం చెప్పినావు?"

"ఏమీ చెప్పలేదు. నోరు రాలేదు. ఇన్ని నెలలు అయింది కదా, డాక్టర్లు అడిగినారు, వకీలు అడిగినాడు, ఆ మాట మాత్రం ఎవురూ అడగలేదు చూడు. అడగతానే ఏం చెప్పేది తెలీలేదు."

ఎవురూ అంటే ఎవరో కుప్పమ్మ చెప్పలేదు. బస్టాండు వైపు నడుస్తున్నారు. కొబ్బరికాయల బండి, పసుపు బట్టల జనం, చిత్తూరు బస్సు పొగ. అడగకుండా ఉండవచ్చు. కాయితం సంచీలో ఉంది, సీలుతో. అడగకపోతే ఏమీ జరగదు, ఇన్ని నెలలూ జరగనట్టే. వసుమతి ఆగింది.

"భయంగా ఉందా కుప్పమ్మా?"

కుప్పమ్మ కూడా ఆగింది. పూల గంప మోసి మోసి గట్టిపడ్డ మెడ ఒక పక్కకు తిప్పి, "ఉండాది వదినా" అంది. "పూలు కోస్తా ఉంటే చెయ్యి ఊరికే నడుం కాడికి పోతా ఉండాది. ఆయన చూస్తాడని కొంగు సర్దుకున్నట్టు చేస్తాను."

అయితే వద్దులే కుప్పమ్మా. మూడే మాటలు. అవి వసుమతి నాలుక మీదికి వచ్చి నిలబడ్డాయి, మనుషులు గుమ్మంలో నిలబడ్డట్టు. ఆ భయం ఎలా ఉంటుందో ఆమె ఒంటికి తెలుసు, ఆ భయం తీరిపోతే ఎలా ఉంటుందో కూడా తెలుసు. ఒక్క మాటతో ఆ అమ్మయ్యను ఈ మనిషికి ఇవ్వవచ్చు. ఇస్తే శ్రీవాసవి. ఆ పేరు తప్ప ఆలోచన అక్కడి నుంచి ముందుకు పోలేదు. ఇప్పుడు యంత్రం ఆపి ఉంటారు, సూదులు తీసి దూది నొక్కి పట్టుకుని ఉంటారు, అమ్మ ఫోను చేసిందా నాయనా అని అడుగుతూ ఉంటుంది. వద్దులే అన్న మాటలు వెనక్కి తిరిగి, ఒకదాని వెనక ఒకటి, లోపలికి పోయాయి. వాటిని పంపించేసింది తానేనని వసుమతికి తెలుసు. కుప్పమ్మ చెయ్యి పట్టుకుంది. రోడ్డు మీద, అందరి ముందు, ఫొటో తీసేవాడెవడూ లేకుండా.

కుప్పమ్మ చెయ్యి లాక్కోలేదు. తిరువళ్ళూరు బస్సు వచ్చి హారను కొట్టింది. జనం వాళ్ళను దాటుకుని ఎక్కుతున్నారు.

"కొంచెం వదులుగా పట్టుకో వదినా" అంది కుప్పమ్మ, నొచ్చుకున్నట్టు కాదు, మామూలుగానే. "గాజులు గుచ్చుకుంటా ఉండాయి."

సరే అంది వసుమతి. చెయ్యి మాత్రం వదులు కాలేదు.